కంప్యూటర్ అంటే ఒకప్పుడు ఆడమనిషే!

ఈమధ్య మన ఆడవాళ్ళం నలుగురం ఎక్కడ కలిసినా, గుడిలో ప్రసాదం దగ్గరైనా, పిల్లల కూచిపూడి క్లాసు బయట పార్కింగులోనైనా, మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తోంది. "ఏఐ వచ్చింది కదా, మన ఉద్యోగాలు ఉంటాయంటావా?" "మా పాప కంప్యూటర్ సైన్స్ తీసుకుంటానంటోంది, వద్దనాలా?" "ఆరేళ్ళు ఇంట్లోనే ఉండిపోయాను అక్కా, ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?"

ఇవి నా ప్రశ్నలు కూడా. నేను హెచ్‌-4 మీద వచ్చి, చాలా ఏళ్ళు ఇంట్లో ఉండి, 2015లో మనలో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. రెండేళ్ళ కిందట మా టీములో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. ఇప్పుడు నలుగురం. మిగతా ఏడుగురి పనిలో చాలా భాగం ఒక ఏఐ సాధనం చేస్తోంది. కాబట్టి నేను ఒడ్డున నిలబడి లోతు చెప్పే మనిషిని కాను.

ఏదైనా భయం పట్టుకున్నప్పుడు, ఇలాంటిది మనకంటే ముందు ఎవరికైనా జరిగిందా అని చూడటం నా అలవాటు. అలా వెతుక్కుంటూ కంప్యూటర్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, యంత్రం వచ్చి పని లాక్కోవడం, ఆ పని చేసేవాళ్ళు ఆడవాళ్ళు కావడం ఇది మొదటిసారి కాదు. ఆ కథలో మన పట్టుచీర కూడా ఉంది.

చీర అంచులో మొదలైన కథ

మాది అనంతపురం. పెళ్ళి చీరలకి ధర్మవరం వెళ్ళడం మా ఇళ్ళలో ఆనవాయితీ. చిన్నప్పుడు అమ్మ వెంట వెళ్ళి మగ్గాలు చూసేదాన్ని. మగ్గం మీద పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలా కట్టి వేలాడుతుండేవి. నేతగాడు తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకు జరిగేది. చిల్లు ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, చిల్లు లేనిచోట లేవదు. ఆ లేవడం, లేవకపోవడంలోంచే అంచు మీద హంస వస్తుంది, కొంగు మీద మామిడిపిందె వస్తుంది.

దాని పేరు జాకార్డ్. 1804లో ఫ్రాన్సులోని లియాన్ పట్టణంలో జోసఫ్ జాకార్డ్ తయారుచేసిన పద్ధతి. ఉంది, లేదు అనే రెండు మాటలతో ఎంత క్లిష్టమైన డిజైనైనా చెప్పొచ్చన్న ఊహ ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోను లోపల కూడా ఒకటి, సున్నాల రూపంలో నడుస్తోంది.

ఇంగ్లండులో చార్ల్స్ బాబేజ్ లెక్కలు చేసే ఒక పెద్ద యంత్రాన్ని ఊహించి, దానికి ఆదేశాలివ్వడానికి ఈ చిల్లుల అట్టలే వాడాలనుకున్నాడు. ఆ యంత్రం ఆయన బతికుండగా పూర్తి కాలేదు. కానీ దాని గురించిన ఒక ఫ్రెంచి వ్యాసాన్ని 1843లో అనువదించిన ఏడా లవ్‌లేస్, వ్యాసం కంటే పొడుగైన వివరణలు దానికి జోడించింది. వాటిలో ఒకచోట, బెర్నూలీ సంఖ్యల్ని ఈ యంత్రం చేత ఎలా లెక్క కట్టించాలో వరసగా మెట్లు రాసింది. లోకంలో అచ్చయిన మొదటి కంప్యూటర్ ప్రోగ్రామ్ అదేనని చాలామంది అంటారు. ఈ యంత్రం అంకెలకే పరిమితం కానక్కర్లేదు, సంగీతం కూడా కూర్చగలదేమో అని కూడా ఆమె రాసింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఏడు. ముగ్గురు పిల్లల తల్లి.

ఉద్యోగం పేరు: కంప్యూటర్

ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు కంప్యూటర్ అన్నది మనిషి చేసే ఉద్యోగం. కూర్చుని లెక్కలు కట్టేవాళ్ళని అలా పిలిచేవారు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో నక్షత్రాల ఫోటోలు చూసి లెక్కలు వేసింది ఆడవాళ్ళే. వాళ్ళలో విలియమీనా ఫ్లెమింగ్ అక్కడి డైరెక్టర్ ఇంట్లో పనిమనిషిగా చేరింది. తర్వాత పదివేలకు పైగా నక్షత్రాలను వర్గాలుగా విడగొట్టింది.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో చెప్పే పట్టికలు కావలసి వచ్చాయి. ఒక్క గుండు దారి లెక్క కట్టడానికి ఒక మనిషికి 30 నుంచి 40 గంటలు పట్టేది. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గణితం చదివిన అమ్మాయిల్ని ఆ పనిలో పెట్టారు. అక్కడే ఆ లెక్కల కోసం ఎనియాక్ అనే యంత్రాన్ని కట్టారు. సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు.

దానికి ప్రోగ్రాములు రాయడానికి ఆ కంప్యూటర్ అమ్మాయిల్లోంచి ఆరుగురిని ఎంచుకున్నారు. కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. నేర్పేవాళ్ళు లేరు. చదువుకోవడానికి మాన్యువల్ లేదు. భద్రతా అనుమతులు రాలేదని మొదట్లో యంత్రం ఉన్న గదిలోకి కూడా రానివ్వలేదు. వైరింగ్ బొమ్మల కాగితాలు ఇచ్చి చూసుకోమన్నారు. వాళ్ళు ఆ కాగితాల మీదే యంత్రాన్ని అర్థం చేసుకున్నారు.

1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ని లోకానికి చూపించారు. గంటల తరబడి పట్టే లెక్కను అది సెకన్లలో చేసింది. ఆ రోజు చూపించిన ప్రోగ్రామును సిద్ధం చేసింది జీన్, బెట్టీ. ఆ రాత్రి జరిగిన విందుకి ఆ ఆరుగురిలో ఒక్కరినీ పిలవలేదు. 1980లలో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫోటోల్లో యంత్రం పక్కన నిలబడిన ఈ అమ్మాయిలెవరని అడిగితే, అందం కోసం నిలబెట్టిన మోడళ్ళని జవాబొచ్చింది. ఆమె వదలకుండా వెతికి, అప్పటికి బతికున్నవాళ్ళని కలిసి, వాళ్ళ కథ బయటికి తెచ్చింది.

మరి యంత్రం వచ్చాక కంప్యూటర్ అనే ఉద్యోగం చేసే మిగతావాళ్ళేమయ్యారు? ఆ ఉద్యోగం పోయింది. పేరు కూడా యంత్రానికే వెళ్ళిపోయింది. ఇది దాచిపెట్టి చెప్పుకోవలసిన విషయం కాదు.

అయితే డరతీ వాన్ ఏం చేసిందో చూడండి. నాసా కంటే ముందున్న సంస్థ లాంగ్లీ కేంద్రంలో 1949 నుంచి నల్లజాతి మహిళా కంప్యూటర్ల విభాగానికి ఆమె అధిపతి. ఎలక్ట్రానిక్ యంత్రాలు వస్తున్నాయని గమనించి, ఫోర్‌ట్రాన్ భాషను తానే నేర్చుకుంది. తన దగ్గర పనిచేసేవాళ్ళకీ నేర్పింది. అదే లాంగ్లీలో ఉన్న కేథరీన్ జాన్సన్ సంగతి చాలామందికి సినిమా వల్ల తెలుసు. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగడానికి వెళ్ళేముందు, యంత్రం ఇచ్చిన అంకెల్ని ఆమె చేత్తో లెక్కకట్టి సరే అంటేనే బయల్దేరతానన్నాడు. యంత్రం కట్టిన లెక్కని సరిచూసే మనిషి కావలసి వచ్చింది. టెస్టింగ్ చేసే నాకు ఈ ముక్క మిగతా అన్నిటికన్నా బాగా గుర్తుండిపోయింది.

హాపర్ నుంచి అమీర్‌పేట దాకా

"యంత్రమే ప్రోగ్రాములు రాసేస్తే ఇక మనమెందుకు?" అన్న ప్రశ్న కూడా పాతదే. 1952లో గ్రేస్ హాపర్ అనే గణితం టీచరమ్మ, నేవీ అధికారిణి, మనిషి రాసిన సంకేతాలని యంత్రం భాషలోకి మార్చిపెట్టే ప్రోగ్రాము తయారుచేసింది. ఇప్పుడు కంపైలర్ అంటున్నది అదే. కంప్యూటర్ లెక్కలే చేస్తుంది గానీ ప్రోగ్రాములెలా రాస్తుందని చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత ఆమె మామూలు ఇంగ్లీషు మాటలతో రాసే భాష ఒకటి తెచ్చింది. 1959లో మొదలైన కోబాల్‌కి అదే పునాది. బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు, ప్రభుత్వ ఆఫీసులు అన్నీ కోబాల్‌లోకి వచ్చాయి.

ఇక్కడ కథ మన ఊరి మలుపు తిరుగుతుంది. ఆ రోజుల్లో ఒక అట్ట మీద 80 నిలువు వరసలే పట్టేవి. చోటు కలిసొస్తుందని సంవత్సరాన్ని రెండంకెలతో రాసేవారు. 1965 అంటే 65. మరి 2000 వస్తే? యంత్రం 00 చూసి 1900 అనుకుంటుంది. 1990ల చివర్లో పాత కోబాల్ ప్రోగ్రాములన్నీ వెతికి తేదీలు సరిచేయడానికి వేలాదిమంది కావలసి వచ్చారు. హైదరాబాదులో అమీర్‌పేట సందుల్లో గోడల నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు వెలిశాయి. పొద్దున ఆరింటికి ఒక బ్యాచ్, రాత్రి తొమ్మిదింటికి ఒక బ్యాచ్. మా పిన్ని కొడుకు డిగ్రీలో చదివింది కామర్స్. మూడు నెలలు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని 1998లో న్యూజెర్సీ విమానం ఎక్కాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు, వాళ్ళ వెనక పెళ్ళిళ్ళు చేసుకుని మేము. మనలో ఎన్ని ఇళ్ళు ఇక్కడున్నాయో వాటిలో చాలావాటి కింద హాపర్ పెట్టిన ఇటుక ఒకటుంది.

కంపైలర్ వల్ల ప్రోగ్రాములు రాసేవాళ్ళు తగ్గలేదు, పెరిగారు. పని తేలికయ్యేసరికి, అంతకుముందు ఎవరూ కంప్యూటరుకి అప్పగించని పనులు కూడా దానికి వచ్చి చేరాయి. కానీ అట్టలకి చిల్లులు పొడిచే పంచింగ్ ఆపరేటర్ల ఉద్యోగాలు మాత్రం పోయాయి. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. "కొత్త ఉద్యోగాలు వస్తాయిలే" అన్నమాట నిజమే గానీ, పోయిన చేతికే ఆ కొత్తది వస్తుందని హామీ లేదు.

హాపర్ గురించి ఇంకొక్క మాట. 1966లో ఆమెను నేవీ నుంచి రిటైర్ చేశారు. మరుసటేడే మళ్ళీ పిలిచారు. చివరికి రియర్ అడ్మిరల్ హోదాలో, 1986లో, 79 ఏళ్ళ వయసులో రిటైరైంది. నలభై దాటాం, ఇంకేం నేర్చుకుంటాం అనుకునేవాళ్ళు ఈ అంకె ఒకసారి చూడండి.

వంటింటి బల్ల మీద కంపెనీ

ఇంట్లోంచి పని చేయడం కోవిడ్‌తో వచ్చిందనుకుంటాం. 1962లో ఇంగ్లండులో స్టెఫనీ షర్లీ ఆరు పౌండ్ల పెట్టుబడితో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన ప్రోగ్రామర్లే ఆమె ఉద్యోగులు. వాళ్ళు ఇంట్లో కూర్చుని, కాగితం మీద ప్రోగ్రాములు రాసి పంపేవారు. మొదటి 300 మందిలో మగవాళ్ళు ముగ్గురే. ఆడపేరుతో ఉత్తరాలు రాస్తే జవాబు రావడం లేదని "స్టీవ్" అని సంతకం పెట్టడం మొదలుపెట్టింది. జవాబులు వచ్చాయి. ఫోనులో మాట్లాడుతుంటే వెనక పిల్లాడి గోల వినపడకుండా, టైపు కొడుతున్న చప్పుడు రికార్డు చేసి వేసుకునేదట. జూమ్ మీటింగులో మ్యూట్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునే మనకి ఈమె పరాయి మనిషిలా అనిపించదు. కాంకర్డ్ విమానం బ్లాక్‌బాక్స్‌కి ప్రోగ్రాము రాసింది ఆ వంటింటి బల్లల మీదే.

మరి ఆడపిల్లలు ఎందుకు తగ్గారు?

ఇంత చరిత్ర ఉన్నా, అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకునేవాళ్ళలో ఆడపిల్లల వాటా 1984లో సుమారు 37 శాతం ఉండి, 2010 ప్రాంతానికి 18 శాతానికి పడిపోయింది. వైద్యం, న్యాయశాస్త్రాల్లో పెరుగుతూ ఉంటే ఇక్కడ సగానికి సగం తగ్గింది. పరిశోధకులు చెప్పే ఒక ముఖ్య కారణం, 1980లలో ఇళ్ళల్లోకి వచ్చిన చిన్న కంప్యూటర్లని మగపిల్లల ఆటవస్తువుగా అమ్మడం. కంప్యూటర్ అబ్బాయి గదిలో ఉండేది. కాలేజీకి వచ్చేసరికి అబ్బాయిలకి అయిదారేళ్ళ అలవాటు, అమ్మాయిలకి అదే మొదటిరోజు. తేడాని అనుభవం అనుకోకుండా తెలివి అనుకున్నారు.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ ఈ సంగతి లోతుగా చూశారు. ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న పట్టుదల మానేసి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి వేరే దారి పెట్టాక, అక్కడ చేరే ఆడపిల్లలు 1995లో 7 శాతం నుంచి 2000లో 42 శాతానికి పెరిగారు. అయిదేళ్ళలో అమ్మాయిల మెదళ్ళు మారిపోలేదు కదా.

మన దగ్గర కథ వేరు. "సివిల్, మెకానికల్ ఆడపిల్లకెందుకమ్మా, ఎండలో తిరగాలి. కంప్యూటర్ తీసుకో, ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం" అని మా నాన్న అన్నాడు. మీ నాన్నా అనే ఉంటాడు. ఆ మాట వెనక ఉన్నది రక్షణ గురించిన బెంగే. అయినా దానివల్లే మా క్లాసులో సగం బెంచీలు అమ్మాయిలవి. కంప్యూటర్ మగవాళ్ళ సబ్జెక్టు అన్న మాట నేను అమెరికా వచ్చాకే విన్నాను. మన కూతుళ్ళు మాత్రం ఇక్కడే పెరుగుతున్నారు. వాళ్ళు ఆ మాటని చిన్నప్పటినుంచీ వింటున్నారు. నా అనంతపురం క్లాసు గురించి మా అమ్మాయికి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఇప్పుడొచ్చిన యంత్రం

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. దాని వెనక చాలా ఏళ్ళ పని ఉంది. యంత్రానికి బొమ్మలు గుర్తుపట్టడం నేర్పడానికి ఫే-ఫే లీ 2009లో ఇమేజ్‌నెట్ అనే బొమ్మల భాండాగారం తెచ్చింది. చైనా నుంచి టీనేజిలో అమెరికా వచ్చి, ప్రిన్స్‌టన్‌లో చదువుకుంటూ న్యూజెర్సీలో అమ్మానాన్నల డ్రైక్లీనింగ్ షాపు నడిపిన అమ్మాయి ఆమె. ఆ బొమ్మల్లో ఇది పిల్లి, ఇది కుర్చీ అని పేర్లు పెట్టింది మాత్రం 167 దేశాలకి చెందిన దాదాపు 50 వేల మంది మామూలు మనుషులు. ఈ యంత్రం కింద కూడా పేరు తెలియని కంప్యూటర్లున్నారు.

నేర్పినదే యంత్రానికి వస్తుంది. 2018లో జాయ్ బూలమ్విని, టిమ్నిట్ గెబ్రూ పరీక్షించి చూస్తే, ఫోటో చూసి ఆడా మగా చెప్పే కొన్ని సాఫ్ట్‌వేర్లు తెల్లని మగవాళ్ళ విషయంలో నూటికి ఒకటి కూడా తప్పలేదు. నల్లని ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి నూటికి 34 దాకా తప్పాయి.

మా ఆఫీసులో జరిగింది చెబుతాను. మందుల షాపుల వాళ్ళ కోసం చేసే ఒక యాప్‌కి ఏఐ ఒక్క పూటలో 400 టెస్టులు రాసిచ్చింది. అన్నీ పాసయ్యాయి. అందరూ సంతోషించారు. నేను టెస్టుల్లో వాడిన పేర్లు చదివాను. ప్రతి మనిషికీ ముందుపేరు ఒకటి, ఇంటిపేరు ఒకటి. పొందిగ్గా ఉన్నాయి. మా అత్తగారి పాస్‌పోర్టులో ఒక్కటే పేరు ఉండటంతో వీసాలో ముందుపేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని వచ్చింది. పేరు తెలియదని దాని అర్థం. అలాంటి పేరుతో నేనొక టెస్టు రాస్తే యాప్ ఆగిపోయింది. ఎఫ్‌ఎన్‌యూ అని ఉన్న ఇద్దరు వేరు వేరు మనుషుల్ని ఒక్కరే అనుకోబోయింది. మందుల విషయంలో అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నాకు ఆ సంగతి తట్టడానికి కారణం కోడింగ్ కాదు. అత్తగారిని వెంటబెట్టుకుని ఆస్పత్రి కౌంటర్ల దగ్గర నిలబడటం.

ఇక మనం చేయాల్సినవి

ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఏఐ సాధనాలతో పని చేయించడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. డరతీ వాన్ చేసింది అదే. దానితోపాటు మీరు పనిచేసే రంగం గురించి, బ్యాంకో, బీమానో, ఆస్పత్రో, లోతుగా తెలుసుకోండి. యంత్రం ఇచ్చింది తప్పో ఒప్పో చెప్పాలంటే ఆ పని తెలిసిన మనిషి కావాలి.

గ్యాప్ వచ్చినవాళ్ళు, మళ్ళీ చేరేవాళ్ళ కోసం రిటర్న్‌షిప్ పేరుతో కొన్ని కంపెనీలు ప్రత్యేకంగా తీసుకుంటున్నాయి, వాటిని వెతకండి. ముందు మీకు తెలిసిన రంగంలోంచే మొదలుపెట్టండి. ఫార్మసీ చదివినవాళ్ళు, అకౌంట్స్ చేసినవాళ్ళు కోడింగ్ మొదటినుంచీ నేర్చుకోవాలని బెంగపడక్కర్లేదు. తేలిక అని మాత్రం నేను చెప్పను. చిన్న స్థాయి ఉద్యోగాలే ముందు తగ్గుతున్నాయి, లోపలికి వెళ్ళే తలుపు ఇరుకైంది.

ఇంకొకటి, ఇది అందరికీ. నిమిషం కూడా లేని ఆడియోతో ఏఐ మన గొంతును అనుకరించగలదు. ఊళ్ళో ఉన్న అమ్మకి అర్ధరాత్రి మీ గొంతుతో ఏడుస్తూ ఫోనొస్తే, డబ్బు పంపడానికి ఆవిడ క్షణం ఆలోచించదు. ఇంటిల్లిపాదికీ తెలిసిన ఒక రహస్యపు మాట పెట్టుకోండి. చిన్నప్పటి ముద్దుపేరు, మీ ఇంటి ఆవు పేరు, ఏదైనా సరే. సోషల్ మీడియాలో ఎక్కడా లేనిదై ఉండాలి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు చాట్‌బాట్లలో పెట్టకండి.

మా అమ్మాయికి పదహారేళ్ళు. కంప్యూటర్ సైన్స్ తీసుకుంటానంది. వద్దనలేదు. లెక్కలు గట్టిగా నేర్చుకో, దానితోపాటు మనుషులకి సంబంధించిన సబ్జెక్టు ఇంకొకటి తీసుకో అన్నాను. పబ్లిక్ హెల్త్ తీసుకుంటానంటోంది. ఉద్యోగం ఖాయమని దానికి నేను మాటివ్వలేదు. 1946లో ఆ ఆరుగురికీ ఎవరూ ఇవ్వలేదు. క్లాసులో అమ్మాయిలు నలుగురే ఉన్నారని మొన్న చెప్పింది. "మిగతా ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకున్నావా?" అని అడిగాను. తీసుకుందట.